జీర్ణ యంత్రోద్ధరణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఒక గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన తరుణమున బీరువాలు తెరచి లెక్క చూచినచో, క్రొత్త పుస్తకముల కంటె ముందుగా చేతికి వచ్చునవి చినిగిన పుస్తకములే. ఒక ప్రబంధమునకు రెండు ప్రతులుండును. ఒకదానికి మొదటి ఆశ్వాసము లేదు. రెండవదానికి అట్ట ఊడినది, చివరి పుటలను చెదలు తినినది. నేర్పుగల గ్రంథపాలకుడు ఆ రెండింటిని విప్పి, మంచి పుటల నేరి, ఒక పూర్ణగ్రంథముగా కుట్టించును. రెండును ఒకే ముద్రణమునకు చెందినవైనచో పని సులభము. ముద్రణములు వేఱైనచో 96వ పుట వెనుక 97వ పుట వచ్చును గాని పద్యము నడుమ తెగును, లేదా చదివిన పద్యమే మరల వచ్చును. అంకె కుదిరినంత మాత్రమున అర్థము కుదరదు.

ఈ ప్రసంగమునకు విషయము పుస్తకము కాదు, యంత్రము. ఐనను పని ఒక్కటే. శిథిలమైన చిన్న ట్రాక్టరు నొకదానిని, అదే జాతికి చెందిన మఱియొక ట్రాక్టరు భాగములతో బాగుచేసి, మునుపటికంటె బలముగా నడచునట్లు చేయుట యెట్లన్నది చెప్పవలసిన మాట. భాగముల నిచ్చు యంత్రమును దాత యంత్రమని పిలువవచ్చును. ఈ విద్య అమెరికా దేశమున మిక్కిలి వ్యాప్తిలో నున్నది గనుక అచ్చటి యంత్రమునే ఉదాహరణముగా గ్రహించుట ఉచితము.

ముందుగా తోట ట్రాక్టరనగా నేమో తెలియవలెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరమున అమెరికాలో పట్టణముల వెలుపల ఇండ్లు కట్టుకొన్నవారు అనేకులు. ఇంటి చుట్టును అర ఎకరము మొదలు రెండు మూడెకరముల నేల, అందులో పచ్చిక, ఒక మూల కూరగాయల మడి. పెద్ద ట్రాక్టరు అచ్చట తిరుగలేదు. చేతితో త్రోయు కోతయంత్రమునకు అంత పచ్చిక అలవి కాదు. ఈ అవసరమునకై పుట్టినది తోట ట్రాక్టరు. అది వేసవిలో పచ్చిక కోయును, వసంతమున మడి దున్నును, చలికాలమున ముందు పలక తగిలించినచో వాకిలిలోని మంచును త్రోయును. ఒక్క మనిషి కూర్చుండి నడపు యంత్రము. ఎత్తు నడుము దాటదు.

ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అను సంస్థ 1947లో కెంటకీ రాష్ట్రమందలి లూయీవిల్ కర్మాగారమునుండి ఫార్మాల్ కబ్ అను చిన్న సేద్యపు ట్రాక్టరును విడుదల చేసెను. 1961 నాటికి అదే సంస్థ కబ్ కేడెట్ అను తోట ట్రాక్టరును బయటికి తెచ్చెను. దానికి కోలర్ సంస్థ చేసిన 7 అశ్వశక్తుల ఇంజను అమర్చిరి. వెనుక చక్రములను త్రిప్పు గేరుపెట్టెను రూపొందించుటలో తమ ఫార్మాల్ కబ్‌నే ఆధారముగా గైకొనిరి. కనుక కబ్ కేడెట్ పుట్టుకలోనే పరాంగమున్నది. ఒక యంత్రపు అవయవము మఱియొకదానికి ఉపయోగించుట పేదవాని ఉపాయము మాత్రమే కాదు, కర్మాగారముల ఉపాయము కూడ.

మొదటి కబ్ కేడెట్‌లో ఇంజను బలము బెల్టు ద్వారా వెనుకకు పోయెడిది. 1963లో వచ్చిన 70, 100 అను నమూనాలలో బెల్టు తొలగి ఇనుప షాఫ్టు వచ్చెను. 100వ నమూనాకు 10 అశ్వశక్తుల ఇంజను. 1965లో వచ్చిన 122వ నమూనాకు 12 అశ్వశక్తులు. అదే 1963లో జాన్ డీర్ సంస్థ కూడ 110 అను తోట ట్రాక్టరుతో ఈ రంగమున ప్రవేశించినది. 1981లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కబ్ కేడెట్ వ్యాపారమును ఎం.టి.డి. అను సంస్థకు విక్రయించెను. చేసినవారు మారిరి గాని ఆనాటి యంత్రములు చావలేదు. దళసరి ఇనుప చట్రము, పోతయినుప గేరుపెట్టె, విప్పి బాగుచేయదగిన ఇంజను: ఈ మూడు గుణములవలన అరువదేండ్లనాటి యంత్రములు నేటికిని కొట్టములలో బ్రతికియున్నవి. కొన్ని నడచుచున్నవి, కొన్ని మూలబడినవి. మూలబడిన వానినుండి నడచువానికి అవయవదానము జరుగుచున్నది.

ఇక ఉదాహరణము. ఒక గృహస్థునకు 1963 నాటి 100వ నమూనా యున్నది. చట్రము దృఢము, గేరుపెట్టె నిశ్శబ్దము; ఇంజను మాత్రము పొగ గ్రక్కుచు, బరువు పడగానే ఆగిపోవుచున్నది. పొరుగూరి వేలములో అతనికి 122వ నమూనా యొకటి దొరకినది. దాని గేరుపెట్టె పగిలినది, ముందు ఇరుసు వంగినది. ఇంజను మాత్రము తిరుగుచున్నది. రెండింటిని కలిపి ఒక మంచి యంత్రమును చేయవచ్చునా? చేయవచ్చును. ఐతే క్రమము తప్పరాదు.

మొదటి క్రమము పరీక్ష. ఒక్క బోల్టునైన విప్పకముందు రెండు యంత్రములను పక్కపక్కన నిలిపి, కాగితమును నిలువుగా మడచి, ఒక వైపు పాతదాని గుణదోషములు, మఱియొక వైపు దాత యంత్రపు గుణదోషములు వ్రాసికొనవలెను. కొన్నది భాగములకొఱకే ఐనను, లెక్క తేలినపుడు దాతయే మేలైనదని బయటపడుట కలదు. అట్టి చోట పాతదానినుండి దాతకు పోవుటయే న్యాయము. ఇంటనున్నదను మమకారము ఈ నిర్ణయమున అడ్డు రాగూడదు.

ఈ సందర్భమున ఒక ధర్మసూక్ష్మము. వజ్రాయుధమునకై దధీచి తన యెముకల నిచ్చెను. అడిగినవారు దేవతలు, ఇచ్చినవాడు తానై యిచ్చెను. యంత్రమునకు నోరు లేదు. దాని పక్షమున ఆలోచింపవలసినవాడు యజమానుడు. పూర్ణముగా బ్రతుకజాలని యంత్రమే దాత కాదగినది. చిన్న దోషముతో ఆగియున్న మంచి యంత్రమును ఒక్క ఇంజనుకొఱకు చీల్చినచో, ఉన్న రెండింటిలో ఒకటి పెరుగక ఒకటి తరుగును. ఆ నమూనాలను చేయుట మాని అనేక సంవత్సరములైనది. చీల్చిన యంత్రము మరల పుట్టదు. కావున దాత యంత్రపు గేరుపెట్టె నిజముగా పగిలినదా, లేక పైని మూత నుండి నూనె కారుటవలన అట్లు తోచుచున్నదా యని చూడకుండ చేయి వేయరాదు.

రెండవ క్రమము కొలత. కోలర్ ఇంజనులలో కె 241, కె 301, కె 321, కె 341 అనునవి ఒక కుటుంబము. వరుసగా 10, 12, 14, 16 అశ్వశక్తులు. పై దేహము ఒకే తీరు, చట్రమునకు బిగించు బోల్టు రంధ్రముల అమరికయు కలియును. 7 అశ్వశక్తుల కె 161 చిన్న దేహము గలది. అది ఈ వరుసలో చేరదు. ఉదాహరణములోని 100వ నమూనాలో నున్నది కె 241. 122లో నున్నది కె 301. పై రూపు చూచినవానికి రెండును కవలలు. లోపల మాత్రము భేదమున్నది. కె 241 సిలిండరు వ్యాసము 3.25 అంగుళములు, పిస్టను నడక 2.875 అంగుళములు, పరిమాణము 23.85 ఘనపుటంగుళములు. కె 301 వ్యాసము 3.375, నడక 3.25, పరిమాణము 29.07 ఘనపుటంగుళములు. అనగా అయిదవ వంతునకు పైగా ఎక్కువ. పిస్టను నడక వేఱు గనుక ఒకదాని క్రాంకు షాఫ్టు రెండవదానికి బదులు కాదు. ఇంజనును మొత్తముగా మార్చుట సుఖము. లోపలి భాగములను కలగలుపుట చిక్కు.

100, 122 నమూనాల చట్రములు రెండును ఇరుకు చట్రములే గనుక ఈ మార్పు ఒకే ముద్రణమునకు చెందిన రెండు ప్రతులను కలిపినట్లుండును. 1974లో వచ్చిన నమూనాలలో ఇంజనును రబ్బరు దిమ్మెలపై నిలిపి, చుట్టును రేకు మూతలు వేసి, చప్పుడు తగ్గించిరి. వానిలోనుండి అదే కె 301 తెచ్చినను నేరుగా కూర్చుండదు. ఇంజను అడుగున నూనె నిలుచు పళ్ళెము వేఱు. పాత ఇంజను పళ్ళెమును విప్పి క్రొత్తదానికి బిగింపవలసి వచ్చును. షాఫ్టుతో కలియు చోటును సరిచూడవలెను. ఇది వేఱు ముద్రణపు పుటలను కుట్టుట వంటిది. కుట్టరాదని కాదు, కుట్టునపుడు ప్రతి పంక్తి చదివి కుట్టవలెను.

మూడవ క్రమము శుద్ధి. దాత ఇంజను తిరుగుచున్నది గదాయని అట్లే ఎత్తి పెట్టుట తొందరపాటు. ఈ ఇంజనులకు నీటి చల్లదనము లేదు, గాలియే చల్లార్చును. సిలిండరు చుట్టును ఉన్న ఇనుప రెక్కల నడుమ గడ్డిపరకలు, ఎలుకగూడులు నిండియుండును. పై రేకు విప్పి ఆ రెక్కలను తుడువనిచో ఇంజను ఉడికిపోవును. తరువాత నూనె. ఈ జాతి ఇంజనులలో నూనెను పంపు త్రోయదు; కనెక్టింగ్ రాడ్ అడుగున నున్న చిన్న గరిటె తిరుగునపుడెల్ల నూనెను ముంచి చల్లుచుండును. నూనె మట్టము తగ్గినను, యంత్రము నిట్రమైన వాలున చిరకాలము నిలిచినను గరిటెకు నూనె అందదు. ఆ రాడ్ అల్యూమినియపుది. నూనె లేక పట్టుకొన్నచో విరుగును. విరిగినది ఇంజను గోడను చీల్చుకొని బయటికి వచ్చుట కలదు. కొన్ని ఇంజనులలో అదురు తగ్గించుటకై లోపల రెండు తూకపు గేర్లను అమర్చిరి. అవి అరిగి విరిగి ఇంజనును నాశనము చేసినందున, ఇంజను విప్పినపుడు వానిని తీసివేయువారు అనేకులు. అదురు కొంచెము పెరిగినను ప్రాణభయము తొలగునని వారి తలంపు.

స్పార్కు నిచ్చు పాయింట్ల ఎడము 0.020 అంగుళము ఉండవలెను. పలుచని కొలతరేకుతో దానిని సరిచూడవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది గవర్నరు. ఇంజను వేగము నిమిషమునకు 3600 తిరుగుళ్ళను మించకుండ కాపాడునది అది. క్రొత్త బలము చేతికి రాగానే గవర్నరు స్ప్రింగును లాగి వేగము పెంపవలెనని కుఱ్ఱవానికి తోచును. అది పనికిరాని మాట మాత్రమే కాదు, ప్రమాదకరమైన మాట. హద్దు మీరిన వేగమున రాడ్ విరుగును. ఫ్లైవీలు పగిలినచో దాని ముక్కలు బాణములవలె ఎగురును. చేరువనే కూర్చున్నవానికి తప్పించుకొను వ్యవధి యుండదు.

ఇచ్చట ఒక సందేహము కలుగును. వేగము పెరుగనిచో రెండు అశ్వశక్తులు అధికమై లాభమేమి? గేర్లు మారలేదు, 3600 హద్దు మారలేదు. కనుక మూడవ గేరులో యంత్రము పోవు వేగము మునుపెంతయో నేడును అంతే. మారునది బరువు నోర్చు శక్తి. ఒత్తుగా నెదిగిన తడి గడ్డిలో పాత ఇంజను మూలిగి ఆగుచోట క్రొత్తది ఆగక సాగును. నాగలి లోతుగా దిగినపుడు స్వరము తగ్గును గాని చావదు. అదియును చక్రములకు నేలపై పట్టున్నప్పుడే. వెనుక చక్రములకు తగిన బరువులు కట్టనిచో, మంచులో గొలుసులు తొడుగనిచో, ఆ రెండు అశ్వశక్తులు చక్రమును ఉన్నచోటనే త్రిప్పి గోయి త్రవ్వుటకు వినియోగపడును. జోడెడ్లలో ఒక్క ఎద్దును మాత్రము బలపరచినచో కాడి వంకరపోవునని సేద్యగానికి చెప్పనక్కరలేదు.

నాలుగవ క్రమము సంధి. సభాపర్వమున జరాసంధుని కథ కలదు. మగధరాజైన బృహద్రథునకు ఇద్దరు రాణులయందు చెరి సగము శరీరముతో పుట్టిన శిశుఖండములను జర యను రక్కసి కలిపెను, కలిసినవాడు మహాబలుడయ్యెను. రాజులనెల్ల బంధించిన ఆ బలమును భీముడు చివరకు రెండుగా చీల్చియే జయింపగలిగెను. రెండింటిని కలిపి చేసిన ప్రతి వస్తువునకును ఒక అతుకున్నది. దానిని ఎఱిగినవాడు దాని బలమును ఎఱుగును.

ఈ ట్రాక్టరునకు అతుకు క్లచ్ దగ్గర నున్నది. ఇంజను వెనుక నుండి గేరుపెట్టెకు పోవు షాఫ్టుపైననే క్లచ్ పలకయు, దానిని నొక్కిపట్టు స్ప్రింగును ఉన్నవి. షాఫ్టును పట్టియుంచునవి సన్నని పిన్నులు. అరువదేండ్లు గడచిన షాఫ్టులో ఆ పిన్నుల రంధ్రములు కోలగా అరిగియుండును. పాత 10 అశ్వశక్తులకు అవి ఎట్లో ఓర్చుకొన్నవి. 12 వచ్చిన పిమ్మట మొదటి బరువుకే తెగుట తటస్థించును. కావున ఇంజనుతో పాటు 122వ నమూనా షాఫ్టును, క్లచ్‌ను కూడ విప్పి చూచి, రెండింటిలో అరుగుడు తక్కువగా నున్నదానిని ఎన్నుకొనవలెను. పలక పలుచబడినచో క్రొత్తది వేయవలెను. గేరుపెట్టె సంగతి వేఱు. చేసినవారే 122లో 12 అశ్వశక్తులను అదే తీరు గేరుపెట్టెకు కట్టి విక్రయించిరి. అది ఓర్చుననుటకు వారి పనియే సాక్ష్యము. 16 అశ్వశక్తుల కె 341 కూడ అవే రంధ్రములలో కూర్చుండును గదాయని పెట్టదలచినవానికి అట్టి సాక్ష్యము లేదు. బోల్టు రంధ్రము కుదిరిన యంతనే యోగ్యత కుదిరినదని తలంపరాదు. వియ్యమునకు గోత్రము ఒక్కటే చూచిన చాలదు గదా.

బలము పెంచునపుడు బ్రేకు పెరుగదన్న సంగతి కూడ మరువరాదు. పాత బ్రేకు పాతదే. కావున ఇంజను దింపకముందే బ్రేకు సరిచేసి, వాలుపై నిలిపి పరీక్షింపవలెను. 1960ల నాటి యంత్రములకు, కూర్చున్నవాడు లేచిన వెంటనే ఇంజనును ఆపు మీట సాధారణముగా ఉండెడిది కాదు. దాత యంత్రము తరువాతి కాలపుదై దానికి అట్టి మీటయున్నచో, ఇంజను కంటె ముందు దానిని తెచ్చి అమర్చుట వివేకము. కోతకత్తి తిరుగుచుండగా దిగి గడ్డిని చేతితో తీయబోయినవాని వ్రేళ్ళు ఏ దాత యంత్రమునుండియు తిరిగి రావు.

ఐదవ క్రమము వ్రాత. ఇది అన్నిటికంటె తేలికయైనది. అందుచేతనే అందరును విడుచునది ఇదియే.

పైని చెప్పిన గృహస్థుడు పని ముగించెననుకొందము. యంత్రము చక్కగా నడచుచున్నది. పదేండ్లు గడచినవి. అతడు లేడు; యంత్రము కుమారుని చేతికి వచ్చినది. పిస్టను అరిగినది. కుమారుడు చట్రముపై సంఖ్య చూచి, ఇది 100వ నమూనాయని నిశ్చయించి, కె 241 పిస్టను తెప్పించెను. సిలిండరు వ్యాసము 3.375 అంగుళములు, వచ్చిన పిస్టను 3.25 అంగుళములకు చేసినది. అంగుళములో ఎనిమిదవ వంతు భేదము. ఇంతవరకు నష్టము తపాలా ఖర్చు మాత్రమే. అదే అతడు పైకి కానరాని భాగము నొకదానిని, తీరు కలిసినది గదాయని, లెక్క సరిపోనిదానిని బిగించి నడపినచో నష్టము ఇంజనంత యగును. తండ్రి ఒక చిన్న కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసియుంచినచో ఈ చిక్కు కలుగదు: ఏ సంవత్సరమున, ఏ నమూనానుండి, ఏ ఇంజను తెచ్చినది, తూకపు గేర్లు ఉన్నవా తీసినవా, క్లచ్ ఎవరిది, పాయింట్లు సరిచేసిన తేదీ యేది. ఆ కాగితమును రేకు డబ్బాలో పెట్టి ఆసనము క్రింద కట్టినచో యంత్రముతో పాటు చరిత్రయు పోవును.

ఈ నీతి తెలుగు గ్రంథములకు క్రొత్త కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక్కొక కావ్యమునకు పలు తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధ ప్రతులను వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. ఒక ప్రతిలో లేని పద్యము రెండవదానిలో దొరకునపుడు దానిని తెచ్చి చేర్చుట ఒక పని. అది ఎచ్చటినుండి వచ్చినదో గుర్తుపెట్టుట రెండవ పని. మొదటి పని మాత్రమే చేసిన వ్రాయసగాండ్రవలన ప్రక్షిప్తములు పుట్టినవి. ఏది కవి వ్రాసినదో, ఏది తరువాత చేరినదో తెలియక పండితులు నేటికిని వాదించుచున్నారు. గుర్తు లేకుండ అతికిన ఇంజను కూడ ఒక ప్రక్షిప్తమే. పద్యము ప్రక్షిప్తమైన వాదము పుట్టును. ఇంజను ప్రక్షిప్తమైన రాడ్ విరుగును.

వ్రాతలో దాత యంత్రమునకును ఒక పుట ఉండవలెను. ఇంజను తీసిన తరువాత మిగిలిన చట్రమును వానలో పారవేయుట పెక్కుచోట్ల కానవచ్చును. కాని ఆ శేషములోనే మఱి పదిమందికి ప్రాణము కలదు. చక్రములు, స్టీరింగు గేరు, ఆసనపు స్ప్రింగు, ముందు జాలి, బరువులెత్తు మీట: వీనిలో ఒక్కొకటి ఒక్కొక పాత యంత్రమునకు కావలసినది. చీటీ కట్టి, నూనె పూసి, పొడిచోట నుంచినచో దాత యొక్క దానము ఒకరితో ముగియదు. పాత నూనెను నేలపై పోయక, బ్యాటరీలోని సీసమును ఆమ్లమును మంటలోనో కాలువలోనో వేయక, తీసికొనువారికి అప్పగించుటయు ఈ లెక్కలోనిదే. బావి దగ్గర పోసిన నూనె బావిలోనికే చేరును.

ఈ విద్య దూరదేశపుదని తోచవచ్చును. తెలుగు పల్లెలలో నీళ్ళు తోడు ఇంజనులు, దుక్కి యంత్రములు, ట్రాక్టర్లు నేటికిని ఇట్లే ఒకదాని భాగముతో మఱియొకటి బ్రతుకుచున్నవి. మెకానికు చేతిలో నేర్పున్నది, చెవిలో స్వరజ్ఞానమున్నది; చప్పుడు విని రోగము చెప్పగలవారు ప్రతి సంతయూరిలోను కలరు. లేనిది చీటీ. ఎవరో ఎప్పుడో ఏదో వేసిరను మాట తప్ప వేఱు సాక్ష్యముండదు. రైతు తన పొలము హద్దును రాళ్ళతోను కాగితములతోను కాపాడుకొనును. పొలము దున్ను ఇంజనులో ఏ పిస్టను ఉన్నదో వ్రాసికొనడు. నాట్ల నాడు అది ఆగినపుడు తప్పు భాగము వచ్చి, దానిని త్రిప్పి పంపి, సరియైనది తెచ్చులోపల మడి ఆరిపోవును. పంట పోవుటకు వాన తప్పనక్కరలేదు, చీటీ తప్పినను చాలును.

గ్రంథాలయము ఈ విషయమున చేయగల సేవ కలదు. పంచాంగములు, పురాణములు ఉన్న బీరువాలోనే ఒక అర ఖాళీ చేసి, గ్రామములోని యంత్రముల చేతిపుస్తకములను సేకరింపవచ్చును. కొనునపుడు వచ్చిన ఆ చిన్న పుస్తకము సాధారణముగా మొదటి యేడే పోవును. యంత్రము మాత్రము ముప్పదేండ్లు నిలుచును. ప్రక్కన ఒక లెక్కపుస్తకము కట్టి, ఏ యింటి ఇంజనునకు ఏ మార్పు జరిగినదో యజమానుని చేత రెండు పంక్తులు వ్రాయించినచో చాలును. ఖర్చు ఒక దస్తా కాగితము. చదువరాని రైతునకు చదువుకొన్న పిల్లవాడు వ్రాసి పెట్టును. అట్లు వ్రాయుటలో పిల్లవానికిని యంత్రజ్ఞానము కొంత అబ్బును.

సభాసదులారా! ఆగమములలో జీర్ణోద్ధరణమనునది ప్రత్యేక ప్రకరణము. శిథిలమైన ఆలయమును బాగుచేయువాడు క్రొత్తగా కట్టించినవానికి తీసిపోడని పెద్దలు తలంచిరి. క్రొత్తది కొనుటకు ధనము చాలును. పాతదానిని నిలుపుటకు ధనముతో పాటు పరీక్ష, కొలత, ఓర్పు, సత్యమైన వ్రాత కావలెను. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపినవారు చేసినది ఇదియే: చినిగినది కుట్టిరి, లేనిది వెదకి తెచ్చిరి, వచ్చినదానిని దాత పేరుతో సహా ఖాతాలో వ్రాసిరి. ఆ ఖాతా తెరచినచో ఏ పుస్తకము ఏ యింటినుండి వచ్చినదో నేటికిని తెలియును. ఆ వ్రాసెడి అలవాటు బీరువా దాటి కొట్టములోనికి, కొట్టము దాటి పొలములోనికి నడచినచో ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.